తర్కం తీరుబడి సొత్తు కాదు

ఉద్యోగం చేసుకుంటూ ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతానన్న మనిషిని మన ఊరు ఎంత తేలిగ్గా తీసిపారేస్తుందో విశాఖ కంచరపాలెంలో ఉండేవాళ్లకి తెలుసు. ఎంబీఏ అంటే ప్రమోషన్ కోసం అనుకుంటారు. ఎం.ఏ. ఇంగ్లిష్ అంటే టీచరు పోస్టు కోసం అనుకుంటారు. ఫిలాసఫీ అనేసరికి టీకొట్టు బెంచీ మీద, రైల్వే క్వార్టర్స్ అరుగుల మీద ఒకటే మాట: "ఏటి బాబూ, ఫిలాసఫీయా? కూడెడతాదేటి?" కాస్త చదువుకున్నవాళ్లు దానికి ఇంకో మూడు కలుపుతారు. ఫ్రేగె, రసెల్, విట్‌గెన్‌స్టైన్ల బాటలో వచ్చిన విశ్లేషణ తత్వశాస్త్రమైతే అది వట్టి మాటల చీలికలట. డ్యూటీల మధ్య, దూరవిద్యలో చదివితే అసలు చదువే కాదట. పైగా అది దొరల సరుకట, మనకి వేదాంతం ఉండగా దానితో పనేమిటట.

ఈ నాలుగూ తప్పుడు మాటలు. నాలుగింటికీ విడివిడిగా జవాబు చెప్పాలి. ఎందుకంటే వీటివల్ల నష్టపోతున్నది పోర్టులో, రైల్వేలో, స్టీల్‌ప్లాంటులో, బడుల్లో, ఆస్పత్రుల్లో పనిచేస్తూ, పై నుంచి దిగే ప్రతి ఆర్డరు వెనకా, టీవీలో అరిచే ప్రతి వాదన వెనకా ఉన్న లొసుగు పట్టుకోవాలని ఆరాటపడే మనుషులు. వాళ్ల ఆరాటాన్ని ఎగతాళి చేసి ఆపేస్తే లాభపడేది ఆ లొసుగుల మీద బతికేవాళ్లే.

ముందు కూడు సంగతి. కూడు పెట్టే పని చేతిలో ఉన్నవాళ్లే ఈ చదువు పార్ట్‌టైమ్‌గా చదువుతారు. కాబట్టి వాళ్లని అడగాల్సింది కూడు గురించి కాదు, ఉన్న కూడు పోకుండా చూసుకునే తెలివి గురించి. దానికి జవాబు గాజువాక దాటి కూర్మన్నపాలెం వెళ్తే దొరుకుతుంది. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ ఆర్థిక వ్యవహారాల కమిటీ విశాఖ స్టీల్‌ప్లాంటులో వంద శాతం వాటా అమ్మకానికి ఆమోదం తెలిపింది. అప్పటినుంచి మనం వింటున్న వాదన ఇది: ప్లాంటు నష్టాల్లో ఉంది, కాబట్టి ప్రైవేటుకి ఇచ్చేయాలి. కొందరు తలూపారు, కొందరు తిట్టారు. తలూపినా తిట్టినా వాదనని విప్పి చూసినట్టు కాదు.

విప్పితే ఏం కనిపిస్తుంది? "నష్టాల్లో ఉంది" అన్న చోటినుంచి "అమ్మేయాలి" అన్న చోటికి చేరాలంటే మధ్యలో ఇంకో రెండు వాక్యాలు కావాలి. నష్టానికి కారణం ప్రభుత్వ యాజమాన్యమే అన్నది ఒకటి. యాజమాన్యం మారితే ఆ నష్టం పోతుందన్నది రెండోది. ఈ రెండూ పైకి అనరు, ఎందుకంటే అంటే నిరూపించాల్సి వస్తుంది. విశాఖ ప్లాంటుకి సొంత ఇనుప గనులు లేవు. ఖనిజం ఎన్‌ఎండీసీ దగ్గర కొనుక్కోవాలి. సెయిల్ కూడా ప్రభుత్వ రంగ సంస్థే, దానికి సొంత గనులున్నాయి. టాటా స్టీల్ ప్రైవేటుది, దానికీ గనులున్నాయి. మరి విశాఖకీ వాటికీ ఉన్న తేడాలో యాజమాన్యం వాటా ఎంత, గనుల వాటా ఎంత అని విడదీయకుండా మొదటి వాక్యాన్ని ఎలా ఒప్పుకుంటాం? 2025 జనవరిలో కేంద్రమే ఈ ప్లాంటుకి 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది. నష్టం వస్తే అమ్మడం తప్ప దారి లేదన్న మాట ఆ రోజుతో నిలబడకుండా పోయింది. దాచిన ఆధారవాక్యాన్ని బయటికి లాగి ఎండలో నిలబెట్టడం విశ్లేషణ తత్వశాస్త్రం నేర్పే మొదటి పని. అది రాని చోట గొంతు పెద్దదైనవాడిదే గెలుపు.

అదే పరీక్ష మన నినాదానికీ పెట్టాలి. ఈ ప్లాంటు కోసం జరిగిన 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక నిలిచిన నినాదం, విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు. ఒకరికి హక్కు ఉందంటే దానికి సరిపడా బాధ్యత ఇంకొకరి మీద ఉండాలని 1913లో అమెరికా న్యాయశాస్త్రవేత్త వెస్లీ హోఫెల్డ్ విడమరిచాడు. ఆ కొలతతో చూస్తే మన నినాదంలో కనీసం మూడు హక్కులు కలిసిపోయి ఉన్నాయి. రాష్ట్ర ప్రజలందరిదీ ఒకటి. ప్లాంటులో పనిచేసే కార్మికుడిది ఒకటి. భూమి ఇచ్చి, పునరావాసం కింద ఇచ్చిన ఆర్ కార్డు చేతిలో పట్టుకొని, ఉద్యోగం కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన నిర్వాసితుడిది ఒకటి. ఈ మూడోది ఇచ్చిన మాట మీద నిలబడ్డ హక్కు. బ్లాస్ట్ ఫర్నేస్ లాభంలో నడిచినా నష్టంలో నడిచినా దానికి సంబంధం లేదు. మొదటిదాన్ని కాదనడానికి వాడే వాదన మూడోదాన్ని తాకనే తాకదు. ఈ తేడా తెలిసిన నాయకుడు చర్చల బల్ల దగ్గర ఒక వాదన ఓడినా మిగతా రెండూ పోగొట్టుకోడు. తెలియని నాయకుడు మూడింటినీ ఒకేసారి పోగొట్టుకుంటాడు.

ఇక రెండో మాట, మాటల చీలికలు. ఈ ఎగతాళి చేసేవాళ్లు 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకోవాలి. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. పన్నెండు మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ ఉత్తర్వులో "కఠిన బాధ్యత" అన్న సూత్రాన్ని పేర్కొంది. న్యాయం తెలిసినవాళ్లు వెంటనే అడ్డు చెప్పారు, ఇది "సంపూర్ణ బాధ్యత" కావాలని. వినడానికి రెండూ ఒకటే. కానీ మొదటిది 1868 నాటి ఇంగ్లండు కేసులోంచి వచ్చింది. అందులో దైవఘటన అనీ, బయటివాడెవడో చేశాడనీ చెప్పుకొని తప్పించుకునే సందులున్నాయి. రెండోది ఢిల్లీ ఒలియం గ్యాస్ కేసులో 1986లో మన సుప్రీంకోర్టు నిలబెట్టింది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవాడికి అందులో ఏ సందూ లేదు. ఊపిరాడక రోడ్డు మీద పడిపోయిన మనిషి కుటుంబానికి ఈ తేడా వట్టి చీలికేనా? రెండు మాటల మధ్య గీత గీయడం చేతకాని సమాజంలో నష్టపరిహారం ఆ గీత లేని చోటినుంచే జారిపోతుంది.

అదే సంఘటనలో ఇంకొకటి ఉంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ నివేదిక ప్రకారం ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది, మధ్య పొరల్లో, పై పొరల్లో లేదు. పైన వేడి పెరుగుతున్నా అడుగున కొలిచే మీటరుకి అది తెలిసే వీల్లేదు. అడుగున కనిపించిన అంకె నిజమే కావచ్చు. దాన్నిబట్టి ట్యాంకంతా అంతే వేడిలో ఉందని అనుకోవడానికి హక్కు ఎక్కడినుంచి వచ్చింది? ఒక నిజం ఇంకో నిజానికి ఎప్పుడు సాక్ష్యమవుతుంది, ఎప్పుడు కాదు అన్నది జ్ఞానమీమాంస పేపర్లో మొదటి పాఠం.

ఇంకాస్త దగ్గరగా చూద్దాం. సి షిఫ్ట్‌లో ఒక ఆపరేటరు ప్రెజర్ గేజి చూసి లాగ్‌బుక్‌లో అంకె వేశాడనుకోండి. ఆ గేజి ముల్లు నిన్నటినుంచీ ఇరుక్కుపోయి ఉంది. అది అతనికి తెలియదు. కాకతాళీయంగా ఆ క్షణంలో అసలు ప్రెజరు కూడా అంతే ఉంది. అతను రాసింది నిజం. నమ్మడానికి కారణమూ ఉంది, రోజూ చూసే గేజే. మరి అతనికి ప్రెజరు ఎంతో తెలిసినట్టేనా? 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ అధ్యాపకుడు సరిగ్గా ఇలాంటి ఉదాహరణలతో మూడు పేజీల వ్యాసం రాశాడు. కారణం ఉన్న నిజమైన నమ్మకమే జ్ఞానం అని అప్పటిదాకా చెప్పుకుంటున్న నిర్వచనాన్ని ఆ మూడు పేజీలు కదిలించాయి. తరగతి గదిలో కూర్చున్న కుర్రాడికి అది పరీక్ష ప్రశ్న. గేజి ముందు నిలబడ్డ ఆపరేటరుకి అది రేపటి షిఫ్ట్ ప్రశ్న. లాగ్‌బుక్‌లో అంకెలన్నీ సరిపోయినంత మాత్రాన ప్లాంటు గురించి మనకి తెలిసినట్టు కాదని అతను వెంటనే పట్టుకుంటాడు.

మూడో మాట అన్నిటికంటే ఎక్కువ మందిని వెనక్కి లాగుతోంది: పూర్తి సమయం పెట్టి, క్యాంపస్‌లో ఉండి చదివితేనే తత్వశాస్త్రం, పనిచేసుకుంటూ చదివేది ఉత్తుత్తి చదువు అని. "పనిచేస్తూ తత్వశాస్త్రం చేయడం ఎవరివల్లా కాదు" అన్న సార్వత్రిక వాక్యాన్ని పడగొట్టడానికి ఒక్క వ్యతిరేక ఉదాహరణ చాలు. ఇద్దరిని చెబుతాను. విట్‌గెన్‌స్టైన్ ట్రాక్టేటస్ అన్న పుస్తకం రాసింది మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా సైనికుడిగా ఉంటూ. అది 1921లో అచ్చయ్యేనాటికి ఆయన పల్లెటూళ్లో ప్రాథమిక పాఠశాల టీచరు. వడ్రంగం నేర్చుకున్న కార్ల్ పాపర్ హైస్కూల్లో లెక్కలు, సైన్సు చెప్పుకుంటూ 1934లో సైన్సు పద్ధతి గురించిన తన మొదటి పెద్ద పుస్తకం ప్రచురించాడు. వాళ్లు మహామేధావులు, మాబోటివాళ్ల సంగతేమిటంటారా? లండన్‌లో బర్క్‌బెక్ కాలేజీ ఉంది. 1823లో పనివాళ్ల కోసం మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలైంది. పగలు పనిచేసేవాళ్లకి సాయంత్రం పాఠాలు చెప్పడమే దాని వ్రతం. ఫిలాసఫీ కూడా అక్కడ అలాగే చెబుతారు. రెండు వందల ఏళ్ల అనుభవం కళ్ల ముందుండగా "కుదరదు" అనడం మొండితనం.

పైగా చదువులన్నిట్లోనూ పార్ట్‌టైమ్ మనిషికి బాగా ఒదిగేది ఇదే. దీనికి ల్యాబు అక్కర్లేదు, ఫీల్డువర్కు అక్కర్లేదు. గెటియర్‌ది మూడు పేజీలు. రసెల్ 1905లో రాసిన ప్రసిద్ధ వ్యాసం పదిహేను పేజీలకి కాస్త అటూ ఇటూ. కష్టం పేజీల సంఖ్యలో లేదు, ఒకే పేరాని మళ్లీ మళ్లీ చదవడంలో ఉంది. షిఫ్ట్ బస్సు కూర్మన్నపాలెం చేరేలోగా ఒక పేరా చదవచ్చు. అందులో మూడో వాక్యం రెండో వాక్యంలోంచి ఎలా వచ్చిందో అంతుపట్టక ఎనిమిది గంటలు దాన్ని మనసులో తిప్పచ్చు. తిరుగు బస్సులో మళ్లీ తెరిచేసరికి ఎక్కడ తట్టుకుందో తెలుస్తుంది. పగలంతా లైబ్రరీలో నలభై పేజీలు గబగబా తిరగేసినవాడికి ఈ అదృష్టం లేదు.

పనివాడు తెచ్చేది సమయం తక్కువ, అనుభవం ఎక్కువ. ఆ అనుభవం ఈ శాస్త్రానికి అవసరం కూడా. 1967లో తత్వవేత్త ఫిలిప్పా ఫుట్ ఒక సమస్య వేసింది. బ్రేకులు తప్పిన ట్రాము ముందు పట్టాల మీద ఐదుగురు పనివాళ్లు, పక్క పట్టాల మీద ఒక్కడు. ట్రామును పక్కకి తిప్పవచ్చా? తరవాత జుడిత్ జార్విస్ థామ్సన్ దాన్ని రకరకాలుగా మార్చి ప్రసిద్ధం చేసింది. ప్రపంచమంతా తరగతుల్లో ఇది చర్చిస్తారు. ఇదే సమస్యని మన మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్‌లో ఒక ట్రాక్‌మన్ ముందు పెట్టండి. అతను అడిగే మొదటి ప్రశ్న వేరే: లైన్ బ్లాక్ తీసుకోకుండా ఆ ఐదుగురిని పట్టాల మీదికి ఎవరు దింపారు? ఎర్రజెండాతో ముందు నిలబడాల్సిన మనిషి ఏడి? ఇది సమస్య అర్థంకాక అడిగే ప్రశ్న కాదు. ఆఖరి క్షణంలో మీట దగ్గర నిలబడ్డవాడి మీదే నైతిక భారమంతా పెట్టేసి, అంతకుముందు నిర్ణయాలు చేసినవాళ్లని కథలోంచి తీసేయడం మీద గట్టి అభ్యంతరం. దానికి జవాబూ ఉంది. ఒక్క అంశాన్నే వేరుచేసి చూడటానికి మిగతావి కావాలనే తీసేశారు, చంపడానికీ చావనివ్వడానికీ తేడా ఉందా అన్నది తేలాలంటే అలా తీయక తప్పదు అని. ట్రాక్‌మన్ ఆ జవాబు విని, వేరుచేయడం వల్ల దొరికిందేమిటో, పోయిందేమిటో బేరీజు వేసిన రోజున అతను తత్వశాస్త్రం చేస్తున్నట్టే. అతని ప్రశ్న లేని తరగతి బీద తరగతి.

నాలుగో మాటకి వస్తాను. ఇది దొరల విద్య, మనది కాదు అంటారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. కాశీ వెళ్లిన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని పండితుల్లో నానుడి పుట్టేంత కీర్తి ఆయనది. అంత గొప్ప తార్కికుడు ఆ పుస్తకం రాసింది కొత్తగా నేర్చుకునేవాళ్లకి సులువుగా బోధపడాలని. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఎప్పుడు చెప్పవచ్చు, ఎప్పుడు చెప్పకూడదు అని ఒక్కో మెట్టూ విడదీసి చూపించే ఆ పుస్తకం విశ్లేషణ కాక మరేమిటి? గెటియర్ వేసిన చిక్కు కూడా మనకి పాతదే. ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడు ఇలాంటిదే చెప్పాడు: మాంసం కాల్చడానికి అప్పుడే నిప్పు పెట్టారు, ఇంకా పొగ లేవలేదు. మీద ముసిరిన పురుగుల గుంపుని దూరంనుంచి పొగ అనుకొని ఒకడు "అక్కడ నిప్పుంది" అన్నాడు. నిప్పు నిజంగానే ఉంది, మరి అతనికి తెలిసినట్టేనా? శ్రీనాథుడి శృంగారనైషధం తెలుగువాళ్లందరికీ తెలుసు. దాని మూలం రాసిన శ్రీహర్షుడే పన్నెండో శతాబ్దంలో ఖండనఖండఖాద్యం రాసి, జ్ఞానానికి న్యాయదర్శనం తార్కికులైన నైయాయికులు ఇచ్చిన నిర్వచనాలన్నిటినీ ఇలాంటి ఉదాహరణలతో తుత్తునియలు చేశాడు. ఆక్స్‌ఫర్డులో ప్రొఫెసర్‌గా పనిచేసిన బిమల్ కృష్ణ మతిలాల్ జీవితమంతా చూపించింది ఈ రెండు సంప్రదాయాలూ ఒకే బల్ల దగ్గర కూర్చొని వాదించుకోగలవనే.

మరి మన దగ్గర తర్కం ఎందుకు పరాయిదైంది? పాఠశాల తలుపు పుట్టుకని బట్టి తెరుచుకునేది కాబట్టి. గురుకులంలో తర్కశాస్త్రం విన్నవాళ్లెవరో, వినకూడదన్నది ఎవరినో అందరికీ తెలుసు. ఈరోజు ఏ డిగ్రీ ఉన్నా ఇగ్నో ఎం.ఏ. ఫిలాసఫీలో చేరవచ్చు. ఏ కులమని అడగరు, ఏ సబ్జెక్టులో డిగ్రీ అని కూడా అడగరు. రెండేళ్ల కోర్సుని డ్యూటీలకి తగ్గట్టు ఇంకా సాగదీసుకునే వీలుంది. వందల ఏళ్ల తరవాత తెరుచుకున్న ఆ తలుపు దగ్గర నిలబడి "నీలాంటివాడికెందుకు ఇది" అనేవాళ్లు, తెలిసో తెలియకో, పాత కాపలాదారు మాటే మళ్లీ మాట్లాడుతున్నారు.

పార్ట్‌టైమ్ చదువులో జబ్బులు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. ఇగ్నోలో మార్కుల్లో ముప్పై శాతం అసైన్‌మెంట్లకి. రాసిపెట్టిన అసైన్‌మెంట్లు బజార్లో అమ్ముతారు, కొని కాపీ చేసి ఇచ్చేవాళ్లున్నారు. ఇంపార్టెంట్ క్వశ్చన్ల జిరాక్సులు బట్టీపట్టి పరీక్ష గట్టెక్కేవాళ్లున్నారు. విశ్లేషణ తత్వశాస్త్రంలో బట్టీ అంటే ఈత గురించి పుస్తకం కంఠతా పట్టడం. కానీ ఈ జబ్బు రెగ్యులర్ కాలేజీల్లోనూ అంతే ఉంది. రెండు చోట్లా ఉన్న జబ్బుకి ఒక చోట మాత్రమే ఉన్న పార్ట్‌టైమ్‌ని కారణం చేయడం, నష్టానికి యాజమాన్యాన్ని కారణం చేసినట్టే, తప్పుడు లెక్క.

ఇంకో బరువైన అభ్యంతరం ఉంది. ఇంటాయన సాయంత్రం పుస్తకం పట్టుకొని కూర్చుంటే అంట్లు తోమేదెవరు, పిల్లల హోంవర్కు చూసేదెవరు? పార్ట్‌టైమ్ చదువు సమయం చాలా ఇళ్లలో భార్య చాకిరీలోంచే తీస్తారు. ఇది నిజం. అందుకే చెబుతున్నాను, ఈ చదువు ఇంట్లో ఆడవాళ్లకీ అంతే హక్కుగా దక్కాలి. ఇంటిపని ఆవిడది, ఎందుకంటే ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఆవిడ ఇంట్లో ఉంటుంది, ఎందుకంటే ఇంటిపని ఆవిడది. గుండ్రంగా తిరిగే ఈ వాదన మన ఇళ్లలో తరతరాలుగా చెల్లుబాటవుతోంది. తర్కం పేపరు పాసై కూడా ఈ వలయాన్ని గుర్తుపట్టనివాడు చదివింది వృథా.

కావలసినవి పెద్దవేం కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి రాధాకృష్ణన్ వైస్‌ఛాన్సలర్‌గా ఉన్నారు. కొత్త సచ్చిదానందమూర్తి ఆ ఫిలాసఫీ శాఖకి ప్రొఫెసర్‌గా ఉన్నారు. 1972లోనే కరస్పాండెన్స్ చదువులు మొదలుపెట్టిన విశ్వవిద్యాలయం అది. ఆ వారసత్వం గోడ మీద ఫొటోలతో ఆగకూడదు. వాల్తేరు గట్టు దిగి, కంచరపాలెం పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో సాయంత్రం పూట తర్కం, జ్ఞానమీమాంస, నీతిశాస్త్రం తరగతులు నడపాలి. పరీక్షలో "ఫలానావారి సిద్ధాంతం వివరించుము" తగ్గించి, ఒక పత్రికా సంపాదకీయమో, ఒక కోర్టు ఉత్తర్వో ఇచ్చి, అందులో ఆధారవాక్యాలు విడదీసి తప్పు చూపించమనాలి. తత్వవేత్తలు పుస్తకంతో గోపీచంద్ తెలుగు పాఠకుడికి ఎందరో దార్శనికుల్ని పరిచయం చేశాడు. ఆ పని అక్కడే ఆగిపోకుండా గెటియర్, ఫుట్, క్వైన్ లాంటి విశ్లేషణ తత్వవేత్తల వ్యాసాలు మంచి తెలుగులోకి రావాలి. యూనియన్ ఆఫీసుల్లో రాజకీయ తరగతులు జరుగుతాయి. వాటిలో నెలకొక రోజు ఎదుటిపక్షం వాదనని దాని అత్యంత బలమైన రూపంలో బోర్డు మీద రాసి, ఏ వాక్యం కూలుతుందో చూడటం అలవాటు చేయాలి. మన వాదనకీ అదే పరీక్ష పెట్టాలి.

ఇవేవీ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. చేరాలనుకున్నవాళ్లు ఈ ఏడే చేరండి. ఒంటరిగా చదవకండి, వాదించడానికి ఇంకొక్కరిని వెతుక్కోండి. ఒక్కరు దొరికితే తరగతి మొదలైనట్టే. వద్దని ఎవరైనా చెబితే కోపం తెచ్చుకోవద్దు. ఎందుకు వద్దో కారణం అడగండి. చెప్పిన కారణాన్ని వాక్యం వాక్యంగా విడదీసి, ఏ వాక్యం ఏ ఆధారం మీద నిలబడిందో నెమ్మదిగా చూపించమనండి. నిలబడితే ఒప్పుకోండి. నిలబడకపోతే ఫీజు కట్టేయండి.